లో ఫ్లో మత్తు తర్వాత తెలివి ఎప్పుడొస్తుంది? సెవోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్, ఐసోఫ్లురేన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ అయిపోయిందని సర్జన్ గారు చెప్పి వెళ్లాక కూడా ఇంటివాళ్లకు టెన్షన్ తగ్గదు. "ఇంకా కళ్లు తెరవలేదేంటి?" అని మా మత్తు డాక్టర్ల దగ్గరికి వస్తారు. కొంచెం చదువుకుని వచ్చినవాళ్లు ఏ గ్యాస్ ఇచ్చారు, లో ఫ్లో అంటే ఏమిటి, ఇంతకంటే మంచి మందు ఉందట కదా అని అడుగుతారు. అనస్థీషియా టెక్నీషియన్ కోర్సు చేస్తున్న పిల్లలు, కొత్తగా పీజీలో చేరినవాళ్లు అడిగేవీ దాదాపు ఇవే, లోతు మాత్రం ఎక్కువ. అందరికీ పనికొచ్చేలా ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

లో ఫ్లో అంటే పేషెంట్‌కు మత్తు తక్కువ ఇస్తారా?

లేదు. పేషెంట్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే మందు మోతాదు ఎప్పటిలాగే ఉంటుంది. తగ్గేది యంత్రం నిమిషనిమిషానికి కొత్తగా పంపే గ్యాస్. అలవాటుగా నిమిషానికి 3 నుంచి 6 లీటర్లు పంపేచోట, లో ఫ్లోలో 1 లీటరు, అంతకన్నా తక్కువ పంపుతారు. ఈ 1 లీటరు పద్ధతిని 1952లో ఫోల్డెస్ అనే మత్తు వైద్యుడు వివరించాడు. అర లీటరుతో నడిపే మినిమల్ ఫ్లోను 1974లో వర్చ్యూ అనే మరో మత్తు వైద్యుడు వివరించాడు.

ఇది సాధ్యం కావడానికి కారణం ఒకటే. మత్తులో ఉన్న పెద్దవాళ్ల శరీరం నిమిషానికి వాడుకునే ఆక్సిజన్ సుమారు 250 మిల్లీలీటర్లు. మిగతాదంతా వదిలిన ఊపిరితో బయటికి వచ్చేస్తుంది, మత్తు మందుతో సహా. ఆ ఊపిరిని సోడా లైమ్ డబ్బాలోంచి పంపి, బొగ్గుపులుసు వాయువును తీసేసి, మళ్లీ పేషెంట్‌కే ఇస్తాం. దీనివల్ల మందు ఆదా అవుతుంది, గాలిలోని వెచ్చదనం, తేమ కూడా పోకుండా ఉంటాయి.

ఒక షరతు ఉంది. ఆక్సిజన్ శాతాన్ని, బొగ్గుపులుసు వాయువును, మత్తు మందు గాఢతను క్షణక్షణం చూపించే గ్యాస్ మానిటర్ లేకుండా లో ఫ్లో నడపకూడదు. ఈ విషయంలో సర్దుకుపోవడం కుదరదని నా గట్టి అభిప్రాయం.

పోల్చి చూసే మందులు ఏవి?

ముఖ్యంగా మూడు. వేపరైజర్ (ద్రవంగా ఉన్న మందును ఆవిరి చేసి గ్యాస్‌లో కలిపే పరికరం) రంగు చూస్తేనే తెలిసిపోతుంది: సెవోఫ్లురేన్‌ది పసుపు, ఐసోఫ్లురేన్‌ది ఊదా, డెస్‌ఫ్లురేన్‌ది నీలం. వీటికి తోడుగా కొన్నిచోట్ల నైట్రస్ ఆక్సైడ్ కూడా వాడతారు.

తెలివి ఎంత త్వరగా వస్తుందో తెలుసుకోవడానికి మొదట చూడాల్సింది ఆ మందు రక్తంలో ఎంత కరుగుతుందన్నది. తక్కువ కరిగే మందు ఊపిరితో త్వరగా బయటికి పోతుంది. రక్తంలో ఉన్న మందుకూ గాలిలో ఉన్న మందుకూ ఉండే నిష్పత్తితో దీన్ని కొలుస్తారు. డెస్‌ఫ్లురేన్‌కు ఈ అంకె సుమారు 0.42, సెవోఫ్లురేన్‌కు 0.65, ఐసోఫ్లురేన్‌కు 1.4. పాత హేలోథేన్‌కు 2.4 దాకా ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్‌ది 0.47, అంటే డెస్‌ఫ్లురేన్‌కు దగ్గర.

బలం లెక్క వేరు. ఆపరేషన్ కోతకు సగం మంది కదలకుండా ఉండేందుకు కావలసిన గాఢతను మ్యాక్ అంటారు. నడివయసు వారికి ఐసోఫ్లురేన్ 1.2 శాతం, సెవోఫ్లురేన్ 2 శాతం, డెస్‌ఫ్లురేన్ 6 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఈ మూడింటిలో ఏదైనా మ్యాక్‌లో మూడోవంతుకు దిగేసరికి పిలిస్తే పలికే స్థితి వస్తుంది. కాబట్టి మేం చూసేది ఆ మూడోవంతుకు ఎంతసేపట్లో దిగుతుందా అని.

అయితే డెస్‌ఫ్లురేన్ ఇస్తే అందరికంటే ముందు లేస్తారన్నమాటేనా?

సగటున అవును. కళ్లు తెరవడం, చెప్పిన మాట విని చెయ్యి నొక్కడం, ఊపిరి కోసం గొంతులో వేసిన ట్యూబ్ తీయించుకోవడం డెస్‌ఫ్లురేన్‌తో కొంచెం ముందే జరుగుతాయి. దాని తర్వాత సెవోఫ్లురేన్, ఆపైన ఐసోఫ్లురేన్. కాకపోతే డెస్‌ఫ్లురేన్‌కూ సెవోఫ్లురేన్‌కూ మధ్య తేడా గంట, గంటన్నర ఆపరేషన్లలో కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు ఇంటికి పంపే సమయాన్ని పెద్దగా మార్చవు. ఎందుకంటే ఇంటికి వెళ్లడం నొప్పి, వాంతులు, మూత్రం రావడం, నడవగలగడం లాంటి వాటి మీద ఆధారపడి ఉంటుంది.

చిన్న, మధ్యతరహా ఆపరేషన్లలో ఏ గ్యాస్ వాడాం అన్నదానికంటే ఆఖరి పదిహేను నిమిషాలు దాన్ని ఎలా దించాం అన్నదే తెలివి వచ్చే సమయాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. లో ఫ్లోలో ఈ మాట ఇంకా నిజం.

మందు ఆపేస్తే చాలదా? లో ఫ్లోలో ప్రత్యేకంగా ఏముంది?

ఈ ప్రశ్న టెక్నీషియన్ విద్యార్థులు తప్పకుండా అడగాలి. యంత్రం గొట్టాలు, సోడా లైమ్ డబ్బా, పేషెంట్ ఊపిరితిత్తులు అన్నిట్లో కలిపి దాదాపు 6 లీటర్ల గాలి తిరుగుతూ ఉంటుందనుకుందాం. నిమిషానికి అర లీటరు కొత్త గ్యాస్‌తో అంత గాలి మారాలంటే 12 నిమిషాలు కావాలి. అప్పటికి కూడా పాతది పూర్తిగా పోదు, మూడింట రెండు వంతులు పోతుందంతే. వేపరైజర్ డయల్ సున్నాకు తిప్పినా, పేషెంట్ వదిలిన మందునే మళ్లీ పీలుస్తూ ఉంటారు. అదే ఫ్లోను 6 లీటర్లకు పెంచితే ఒక్క నిమిషం చాలు.

థియేటర్‌లో ఇది ఎలా నడుస్తుందో చెబుతాను. పిత్తాశయం తీసే ఆపరేషన్ అనుకోండి. పిత్తాశయం బయటికి వచ్చి, సర్జన్ లోపల ఒకసారి కడిగి చూసుకుంటూ ఉంటారు. ఫ్లో అర లీటరులోనే ఉంచి, సెవోఫ్లురేన్ వేపరైజర్ మూసేస్తాం. మానిటర్ మీద ఊపిరి చివర వచ్చే గాఢత 1.8 దగ్గర ఉంటుంది, మెల్లగా 1.6, 1.4 అని దిగుతుంది. వ్యవస్థలో ఉన్న మందే ఇంకో పది నిమిషాలు పనిచేసి పెడుతుంది. ఈలోగా నొప్పి మందు, వాంతి మందు పడిపోతాయి. చర్మం మీద చివరి కుట్టు పడి, డ్రెస్సింగ్ వేస్తున్నప్పుడు ఆక్సిజన్‌ను 6 నుంచి 8 లీటర్లకు తెరుస్తాం. అప్పుడు అంకె గబగబా 0.8, 0.5, 0.3కు పడిపోతుంది. కండరాలు సడలించే మందుకు విరుగుడు ఇచ్చి, బలం తిరిగి వచ్చిందని నరాల మానిటర్‌తో చూసుకున్నాక పేరు పెట్టి పిలుస్తాం. చాలామంది అప్పటికే కళ్లు తెరుస్తారు.

ఫ్లో తెరవాల్సిన టైమ్ కంటే ముందే తెరిస్తే, కుట్లు పడుతుండగానే పేషెంట్ కదులుతారు. ఆలస్యమైతే థియేటర్ బల్ల మీద అందరూ ఎదురుచూడాల్సి వస్తుంది. సర్జన్ ఇంకెంతసేపట్లో ముగిస్తారో పసిగట్టడం మా పనిలో పెద్ద భాగం.

ఐదారు గంటల పెద్ద ఆపరేషన్ అయితే?

ఇక్కడ మందు ఎంపిక నిజంగా లెక్కలోకి వస్తుంది. గంటలు గడిచేకొద్దీ మందు కండరాల్లోకి, కొవ్వులోకి చేరి పేరుకుంటుంది. ఆపాక అక్కడి నుంచి మెల్లగా రక్తంలోకి తిరిగొస్తూ ఉంటుంది.

కంప్యూటర్ నమూనాలతో వేసిన లెక్క ఒకటి ఉంది. గాఢత సగానికి దిగడానికి మూడు మందులకూ 5 నిమిషాలలోపే పడుతుంది, ఆపరేషన్ ఎంతసేపు జరిగినా సరే. 90 శాతం దిగాలంటే మాత్రం 6 గంటల మత్తు తర్వాత డెస్‌ఫ్లురేన్‌కు సుమారు 14 నిమిషాలు, సెవోఫ్లురేన్‌కు 65, ఐసోఫ్లురేన్‌కు 86 నిమిషాలు. మొదటి పలుకు అన్నిటితోనూ ఒక మోస్తరు త్వరగానే వస్తుందనీ, ఆ తర్వాత ఉండే మగత, తల బరువు వదిలే సమయంలోనే అసలు తేడా ఉందనీ దీన్నిబట్టి అర్థమవుతుంది. మెదడు ఆపరేషన్ అయ్యాక వెంటనే చేతులు కాళ్లు కదిలించి చూడాల్సిన పేషెంట్ విషయంలో ఈ స్పష్టత చాలా విలువైనది.

ఐసోఫ్లురేన్‌తో పొడవాటి ఆపరేషన్ చేయలేమని కాదు. దాన్ని ముందే, అంటే ఆఖరి అరగంటలో క్రమంగా దించుకుంటూ రావాలి. అనుభవం ఉన్న చేతుల్లో ఐసోఫ్లురేన్ పేషెంట్లు కూడా చక్కగా లేస్తారు.

మా అన్నయ్య 120 కిలోలు ఉంటారు. ఆయనకు ఏది మంచిది?

బాగా బరువున్నవారికి ఊపిరి దారి త్వరగా తమ అదుపులోకి రావాలి. మగతలో గురక పెట్టి, నాలుక వెనక్కి జారి, ఊపిరి ఆగే ప్రమాదం వీళ్లలో ఎక్కువ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే మరీను. అందుకే డెస్‌ఫ్లురేన్ దొరికే చోట ఇలాంటి పేషెంట్‌కు కొందరు దాన్నే ఎంచుకుంటారు, ఆ ఎంపికకు కారణం ఉంది. దొరకనిచోట సెవోఫ్లురేన్‌తో, నల్లమందు జాతి నొప్పి మందులు తగ్గించి, తల వైపు ఎత్తుగా ఉంచి లేపుతారు. ఆయనకు రాత్రిళ్లు గురక ఎలా ఉంటుందో, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా అన్నది మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. గ్యాస్ పేరుకంటే ఆ సమాచారం ఎక్కువ పనికొస్తుంది.

చిన్నపిల్లలకు?

సెవోఫ్లురేన్. ఘాటు లేదు, మాస్క్‌తో పీల్చినా దగ్గు రాదు. డెస్‌ఫ్లురేన్ ఘాటుగా ఉండి గొంతును రేపుతుంది. దగ్గు, ఊపిరి పట్టేయడం, స్వరపేటిక బిగుసుకుపోవడం జరగవచ్చు కనుక పిల్లల్ని మాస్క్‌తో నిద్రపుచ్చడానికి దాన్ని వాడరు.

సెవోఫ్లురేన్‌కు ఒక ఇబ్బంది ఉంది, తల్లిదండ్రులు ముందే తెలుసుకుంటే భయపడరు. లేచేటప్పుడు కొందరు పిల్లలు, ముఖ్యంగా 2 నుంచి 5 ఏళ్లవాళ్లు, విపరీతంగా ఏడుస్తారు, కాళ్లు చేతులు కొట్టుకుంటారు, అమ్మనే గుర్తుపట్టనట్టు చూస్తారు. డెస్‌ఫ్లురేన్‌తోనూ ఇది కనిపిస్తుంది. సాధారణంగా పావుగంట, అరగంటలో తగ్గిపోతుంది, దాని జాడ కూడా మిగలదు. నొప్పి వల్ల ఏడుస్తున్నారా, ఈ గందరగోళం వల్లనా అని మేం విడదీసి చూస్తాం. చివర్లో నరం ద్వారా ఇచ్చే మత్తు మందులు ప్రొపొఫాల్, లేదా డెక్స్‌మెడెటొమిడిన్ కాస్త ఇస్తే ఇది బాగా తగ్గుతుంది. ఆ సమయంలో అమ్మను పక్కనే ఉండనివ్వమని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు.

మా నాన్నగారికి 78 ఏళ్లు. మత్తు తర్వాత మతి తప్పుతుందని విన్నాం.

వయసు పైబడితే మందు తక్కువ సరిపోతుంది. 40 దాటాక ప్రతి పదేళ్లకు మ్యాక్ దాదాపు 6 శాతం చొప్పున తగ్గుతుంది. పాతికేళ్ల కుర్రాడికి పెట్టిన అంకే ఈయనకూ పెడితే మత్తు ఎక్కువై, బీపీ పడి, మెలకువ ఆలస్యమవుతుంది. డెస్‌ఫ్లురేన్‌తో మొదటి మెలకువ కొంచెం ముందే రావచ్చు. కానీ ఒకటి రెండు రోజుల తర్వాత కనిపించే తికమకను ఏ గ్యాస్ అన్నది పెద్దగా మార్చదు. దానికి వేరే కారణాలు చాలా ఉంటాయి: నొప్పి, ఇన్ఫెక్షన్, నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, ఐసీయూలో పగలూ రాత్రీ తెలియకపోవడం. కళ్లజోడు, చెవి మెషిన్, కట్టుడు పళ్లు రికవరీ రూమ్ దగ్గరే సిద్ధంగా ఉంచండి. తెలిసిన గొంతు వినబడితే వాళ్లు చాలా తేరుకుంటారు.

వాంతులు ఏ గ్యాస్‌తో తక్కువ?

మూడింటితోనూ వస్తాయి, తేడా పెద్దగా లేదు. మొదటి రెండు గంటల్లో వచ్చే వాంతులకు ఈ పీల్చే మందులే ప్రధాన కారణం, నైట్రస్ ఆక్సైడ్ తోడైతే ఇంకాస్త పెరుగుతాయి. ఎవరికి వస్తాయో ఊహించడానికి ఆప్‌ఫెల్ స్కోరు ఉంది: ఆడవాళ్లు కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, బస్సెక్కితే కడుపులో తిప్పే స్వభావం లేదా గతంలో ఆపరేషన్ తర్వాత వాంతులైన చరిత్ర, ఆపరేషన్ తర్వాత నల్లమందు జాతి నొప్పి మందులు వాడాల్సి రావడం. నాలుగూ ఉంటే గ్యాస్ మానేసి, సెలైన్ ద్వారా ప్రొపొఫాల్‌తోనే మొత్తం మత్తు నడపడం మంచి దారి.

లో ఫ్లోలో సెవోఫ్లురేన్ వాడితే కిడ్నీలు పాడవుతాయట, నిజమా?

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. సెవోఫ్లురేన్ సోడా లైమ్‌ను తాకినప్పుడు కాంపౌండ్ ఎ అనే పదార్థం కొద్దిగా పుడుతుంది. ఫ్లో తగ్గేకొద్దీ, డబ్బా వేడెక్కేకొద్దీ అది పెరుగుతుంది. ఎలుకల్లో అది కిడ్నీని దెబ్బతీసింది. అందుకే అమెరికాలో మందు లేబుల్ మీద, 1 నుంచి 2 లీటర్ల మధ్య ఫ్లోలో 2 మ్యాక్ గంటలు (అంటే 1 మ్యాక్ గాఢతలో రెండు గంటలు ఇచ్చినంత) దాటవద్దనీ, 1 లీటరు కంటే తక్కువ ఫ్లో వద్దనీ రాశారు. చాలా దేశాల్లో అలాంటి హద్దు పెట్టలేదు.

మనుషుల్లో దశాబ్దాలుగా లో ఫ్లో సెవోఫ్లురేన్ నడుస్తోంది. దానివల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయన్న ఆధారం దొరకలేదు. పైగా సోడియం, పొటాషియం హైడ్రాక్సైడ్లు లేని కొత్తరకం సోడా లైమ్‌లో కాంపౌండ్ ఎ దాదాపు పుట్టదు. అలాంటి డబ్బా వాడే థియేటర్‌లో ఈ భయం పెట్టుకోనక్కర్లేదు. కిడ్నీ జబ్బు ముందే ఉంటే డాక్టరుకు చెప్పండి, అది వేరే కారణాలకు కూడా అవసరం.

సోడా లైమ్ ఎండిపోతే ప్రమాదమా?

అవును, ఇది నిజమైన ప్రమాదం. వారాంతంలో యంత్రం ఆపకుండా ఆక్సిజన్ ఊదుతూ వదిలేస్తే సోమవారం ఉదయానికి డబ్బా ఎండిపోతుంది. ఎండిన పాతరకం సోడా లైమ్‌తో డెస్‌ఫ్లురేన్ ఎక్కువగా, ఐసోఫ్లురేన్ కొంత తక్కువగా కార్బన్ మోనాక్సైడ్‌ను పుట్టిస్తాయి. సెవోఫ్లురేన్‌తో అది చాలా తక్కువ, కానీ ఎండిన డబ్బా విపరీతంగా వేడెక్కుతుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోలేదు. కాబట్టి టెక్నీషియన్ మిత్రులారా, కేసులయ్యాక ఫ్లోమీటర్లు మూసేయండి. అనుమానం ఉంటే డబ్బా మార్చేయండి. రంగు మారలేదని ఆగకండి, ఎండినా రంగు మారకపోవచ్చు.

క్లోరోఫామ్, హేలోథేన్ ఎందుకు మానేశారు?

క్లోరోఫామ్ గుండెను ఆపేస్తుందా, ఊపిరినా అన్న వాదం తేల్చడానికి 1888, 1889లో హైదరాబాద్‌లోనే క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు పెట్టారు, సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అక్కడి వైద్యురాలే. ఊపిరి గమనిస్తే చాలు, గుండెకు భయం లేదని కమిషన్ తేల్చింది. 1911లో లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు గుండె కూడా హఠాత్తుగా లయ తప్పి ఆగగలదని చూపించాయి. హేలోథేన్ 1956లో వాడుకలోకి వచ్చింది. ఒంట్లోకి వెళ్లినదాంట్లో దాదాపు ఐదోవంతు కాలేయంలో విరుగుతుంది, అరుదుగా తీవ్రమైన కామెర్లు తెస్తుంది, తెలివీ నెమ్మదిగా వస్తుంది. సెవోఫ్లురేన్‌లో విరిగేది 2 నుంచి 5 శాతం, ఐసోఫ్లురేన్‌లో 0.2, డెస్‌ఫ్లురేన్‌లో 0.02 శాతమే.

ఖర్చు తేడా ఎంత?

ధరలు ఆసుపత్రిని బట్టి మారతాయి కాబట్టి మిల్లీలీటర్లలో చెబుతాను. ఫ్లోను డయల్ శాతంతో, ఆపైన 3తో హెచ్చిస్తే గంటకు ఎన్ని మిల్లీలీటర్ల ద్రవం ఖర్చవుతుందో దాదాపుగా వస్తుంది. సెవోఫ్లురేన్ 3 లీటర్ల ఫ్లోలో, 2 శాతం: గంటకు 18. అర లీటరు ఫ్లోలో డయల్ కొంచెం ఎక్కువగా 3 శాతం పెట్టాల్సి వచ్చినా 4.5 మాత్రమే. 250 మిల్లీలీటర్ల సీసా మొదటి పద్ధతిలో 14 గంటలు కూడా రాదు, రెండోదాంట్లో 55 గంటల దాకా వస్తుంది. మొదట్లో ఎక్కువ ఫ్లోతో నింపే పది నిమిషాల ఖర్చు దీనికి అదనం.

డెస్‌ఫ్లురేన్ 6 శాతం కావాలి కాబట్టి లో ఫ్లో లేకుండా దాన్ని వాడటం ఎవరికీ గిట్టుబాటు కాదు. దాని వేపరైజర్ కూడా ప్రత్యేకం. ఆ మందు 23 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన ఎండల్లో ఏసీ లేని గదిలో పెడితే మరిగే వేడి దాటిపోయినట్టే. అందుకే కరెంటుతో 39 డిగ్రీలకు వేడిచేసి, ఒత్తిడిలో ఉంచి ఇచ్చే పరికరం కావాలి. ప్యాకేజీ రేటుకు ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి ఐసోఫ్లురేన్‌నో, లో ఫ్లోలో సెవోఫ్లురేన్‌నో వాడితే అది నాసిరకం వైద్యమని అనుకోకండి.

డెస్‌ఫ్లురేన్‌ను కొన్ని దేశాల్లో ఆపేశారట?

వాతావరణం కోసం. ఈ గ్యాసులు థియేటర్ నుంచి నేరుగా ఆకాశంలోకే పోతాయి. వందేళ్ల లెక్కన డెస్‌ఫ్లురేన్ అంతే బరువున్న బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 2,500 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఐసోఫ్లురేన్ సుమారు 500 రెట్లు, సెవోఫ్లురేన్ 130 నుంచి 200 రెట్లు. స్కాట్లాండ్ 2023లో డెస్‌ఫ్లురేన్‌ను వాడుకలోంచి తీసేసింది. యూరోపియన్ యూనియన్ 2026 జనవరి నుంచి వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప వాడకూడదంది. నైట్రస్ ఆక్సైడ్ గాలిలో వందేళ్లకు పైగా నిలిచి ఉంటుంది. కొద్ది నిమిషాల ముందస్తు మెలకువ కోసం అందరికీ డెస్‌ఫ్లురేన్ ఇవ్వడం నాకు సబబుగా అనిపించదు. నిజంగా అవసరమైన కొద్దిమందికి ఉంచుకోవాలి.

రికవరీ రూమ్ నుంచి వార్డుకు ఎప్పుడు పంపుతారు?

ఆల్డ్రెటె స్కోరు చూస్తారు. కాళ్లు చేతులు కదపడం, ఊపిరి, బీపీ, తెలివి, రక్తంలో ఆక్సిజన్, ఒక్కోదానికి 2 మార్కులు. పదికి 9 వస్తే సాధారణంగా పంపుతారు.

గంట దాటినా మగతగానే ఉన్నారు. గ్యాస్ ఇంకా దిగలేదా?

ఊపిరి సరిగ్గా ఆడుతుంటే గంట తర్వాత గ్యాస్ ఒక్కటే కారణం కావడం అరుదు. నొప్పికి ఇచ్చిన ఫెంటనిల్, మార్ఫిన్, ముందుగా ఇచ్చిన నిద్ర మందు మిడజొలామ్, ఒళ్లు చల్లబడటం, షుగర్ పడిపోవడం, బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం, కండరాల మందు పూర్తిగా దిగకపోవడం, వీటిని మేం వరుసగా చూసుకుంటాం. షుగర్ పేషెంట్ అయితే మొదట వేలు గుచ్చి షుగర్ చూస్తాం. మీకు కనిపించే గుర్తులు కొన్ని ఉంటాయి: పిలిస్తే అసలు పలకకపోవడం, పెదాలు నీలంగా మారడం, గురక మధ్యలో ఊపిరి ఆగడం. వీటిలో ఏది కనిపించినా ఆగకుండా నర్సును పిలవండి.

లో ఫ్లోలో మందు సరిపోక మధ్యలో మెలకువ వస్తుందా?

మానిటర్ చూడకపోతే రావచ్చు. మొదటి పది నిమిషాల్లో ఎక్కువ ఫ్లోతో నింపకుండా తొందరపడి తగ్గించేసినా, వేపరైజర్‌లో మందు అయిపోయినది గమనించకపోయినా ఆ ప్రమాదం ఉంది. ఊపిరి చివర గాఢత వయసుకు తగిన మ్యాక్‌లో 0.7 వంతుకు తగ్గకుండా అలారం పెట్టుకుంటే చాలావరకు అడ్డుకోవచ్చు.

ఫలానా గ్యాసే ఇవ్వమని మేం అడగొచ్చా?

అడగొచ్చు, డాక్టరు తన కారణాలు చెబుతారు. అయితే మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి మీదే ఎంపిక మారుతుంది. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఒళ్లు విపరీతంగా కాలిపోయి, కండరాలు బిగుసుకుపోయి ప్రాణం మీదికి వచ్చిందా? మాలిగ్నంట్ హైపర్‌థెర్మియా అనే ఆ జబ్బు ఉన్న కుటుంబాల్లో ఈ మూడు గ్యాసులూ ఇవ్వకూడదు. గతంలో మత్తు తర్వాత కామెర్లు వచ్చాయా? ఈమధ్య కంటిలో గ్యాస్ బుడగ పెట్టి రెటీనా ఆపరేషన్ చేశారా? చేసి ఉంటే నైట్రస్ ఆక్సైడ్ ఇవ్వకూడదు, బుడగ ఉబ్బి చూపు పోవచ్చు. ఆస్తమా, పొగతాగే అలవాటు ఉంటే డెస్‌ఫ్లురేన్ జోలికి వెళ్లకపోవడమే మేలు. పాత డిశ్చార్జ్ సమ్మరీ, మత్తు చార్ట్ ఉంటే ఆపరేషన్ ముందు చూసే రోజునే తెచ్చి చూపించండి.